పుల్లల బుట్టల లెక్క: యూదుల సమాజమందిరంలో సేవా బృందాలు

తెలుగు బైబిల్ అనువాదకులు సినగాగ్‌ను 'సమాజమందిరము' అన్నారు. యెరూషలేములో ఒకప్పుడు ఉండిన ఆలయానికి దేవాలయం అనే మాట వాడారు కానీ, ఊరూరా ఉండే ఈ మందిరాలకు మాత్రం దాన్ని వాడలేదు. తేడా సరిగ్గానే పట్టుకున్నారు. హీబ్రూలో దాని పేరు బేత్ క్నెసెత్, అంటే జనం చేరే ఇల్లు. అక్కడ విగ్రహం ఉండదు, బలిపీఠం ఉండదు. రబ్బీ ఉంటాడు కానీ ఆయన పూజారి కాడు, ధర్మశాస్త్రం చదువుకున్న గురువు. ఆయన ఊళ్లో లేకపోయినా ప్రార్థన జరిగిపోతుంది. ఆగేది పదిమంది రానప్పుడే.

పోయినప్పుడు మోయడానికి నలుగురుండాలని మనం అంటాం. యూదుల లెక్క పది. ప్రార్థనకు కావలసిన ఆ పదిమంది పెద్దవాళ్ల గుంపుకు మిన్యాన్ అని పేరు. పాత ఆచారాలను కచ్చితంగా పాటించే ఆర్థడాక్స్ మందిరాల్లో మగవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. అమెరికాలో మధ్యేమార్గపు కన్సర్వేటివ్ శాఖ 1973లో ఆడవాళ్లనూ లెక్కించవచ్చని తీర్మానించింది. తల్లి గానీ తండ్రి గానీ పోయినవాళ్లు పదకొండు నెలల పాటు రోజూ కద్దీష్ అనే ప్రార్థన చదవాలి. అది ఇంట్లో ఒక్కరే కూర్చుని చదువుకునేది కాదు, పదిమంది మధ్య చదవాల్సింది. అంటే ఎవరింట్లోనో చావు జరిగితే, మంగళవారం పొద్దున్నే ఆఫీసుకు వెళ్లే ముందు ఇంకో తొమ్మిది మంది నిద్ర మానుకుని రావాలి. తొమ్మిదో మనిషి వచ్చి పదో మనిషి రాని రోజున టెన్షన్ మొదలవుతుంది. ఒకరు ఫోన్లు చేస్తుంటారు, ఒకరు గుమ్మంలోంచి వీధిలోకి తొంగి చూస్తుంటారు. మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టకూడదన్న పట్టింపు కూడా ఉంది. అందుకని పది మాటలున్న కీర్తన వాక్యం ఒకటి పట్టుకుని తలకో మాట చొప్పున చదువుతారు. ఆఖరి మాట మిగిలిపోయిందంటే మనిషి తక్కువైనట్టు.

సమాజమందిరంలో కనబడే మిగతా బృందాలన్నీ ఈ మిన్యాన్ పద్ధతిలోనే పుట్టాయి. జబ్బు పడ్డవాళ్లను చూడ్డానికి ఒకటి, శవాన్ని సిద్ధం చేయడానికి ఒకటి, పేదింటి పెళ్లికి ఒకటి, చేబదులు ఇవ్వడానికి ఒకటి. వీటిని స్వచ్ఛంద సంస్థలు అనడం అలవాటైపోయింది కానీ ఆ మాట పూర్తిగా నప్పదు. స్వచ్ఛందం అంటే ఇష్టమైతే చేయడం. ఇవి బాకీ తీర్చినట్టు చేసే పనులు. చేసేవాళ్ల మంచితనాన్ని నమ్ముకుని వీటిని పెట్టలేదు. ఇచ్చేవాడు గొప్ప చెప్పుకోకుండా, పుచ్చుకునేవాడు తల దించుకోకుండా ఉండేలా ఏర్పాటు చేశారు. ఆ ఏర్పాటు ఎంత పాతదో తెలియాలంటే పాతకాలపు రబ్బీల చర్చలూ తీర్పులూ పోగేసిన తల్మూద్ అనే గ్రంథంలో ఒక్క పుట చూస్తే చాలు.

అది మోయెద్ కటాన్ అనే భాగంలోని 27వ పత్రం. చావు జరిగిన ఇంట్లోవాళ్లు తొలి భోజనంగా తమ సొంత తిండి తినకూడదు, దాన్ని ఇరుగుపొరుగు వాళ్లే తేవాలి. ఒకప్పుడు డబ్బున్న ఇంటికి ఆ భోజనం వెండి, బంగారు పళ్లేల్లో వచ్చేదట, లేనివాళ్లింటికి పుల్లలతో అల్లిన బుట్టల్లో వచ్చేది. పేదవాళ్లు సిగ్గుపడుతున్నారని పెద్దలు నియమం మార్చారు. ఇకనుంచి ఎవరింటికైనా పుల్లల బుట్టలే. ఉన్నవాళ్లకు తెల్ల గాజు పాత్రల్లో, లేనివాళ్లకు రంగు గాజు పాత్రల్లో పానీయం పోసేవారు. అదీ మార్చి అందరికీ రంగు గాజే అన్నారు. ధనవంతుల శవాల ముఖాలు తెరిచి ఉంచేవారు, కరువుకు నల్లబడిన పేదల ముఖాలు కప్పేవారు. ఇకమీదట అందరి ముఖాలూ కప్పండి అన్నారు. పాడె విషయంలోనూ ఇదే తీర్పు.

ప్రతిసారీ పేదవాడి పద్ధతినే అందరికీ పెట్టారు. పేదవాళ్లకు కూడా వెండి పళ్లెం ఏర్పాటు చేద్దాం, దానికో నిధి పెడదాం అని ఎవరూ అనలేదు. ఆ దారిలో వెళ్తే నిధి నిండడం ఎప్పటికీ జరగదని వాళ్లకు తెలుసు కాబోలు.

అదే పుటలో ఇంకో సంగతి ఉంది. రోజురోజుకూ అంత్యక్రియల ఖర్చు పెరిగి, చావు కన్నా ఆ ఖర్చే భారమై, బంధువులు శవాన్ని వదిలేసి పారిపోయే స్థితి వచ్చిందట. అప్పుడు రబ్బాన్ గమలీయేలు అనే పెద్ద మనిషి, హోదాలో అందరికన్నా పైవాడు, తనను మామూలు నార బట్టల్లో పూడ్చమన్నాడు. ఆయనకే నార బట్టలైతే మిగతావాళ్లకు పట్టు ఎందుకు? ఆనాటి నుంచి అదే ఆచారమైంది. ఇంకాస్త ముందుకు వెళ్తే రవ్ హమ్నూనా అనే పండితుడు ఒక ఊరికి వచ్చిన ముచ్చట. ఎవరో చనిపోయారని కొమ్ము ఊదారు. ఊళ్లో జనం మాత్రం ఎవరి పనుల్లో వాళ్లున్నారు. ఊళ్లో శవం ఉంటే పని చేస్తారా, వీళ్లను వెలివేయాలి అని ఆయన కోప్పడ్డాడు. ఈ ఊళ్లో అందుకోసం బృందాలున్నాయండీ, ఈ వంతు వేరేవాళ్లది అని వాళ్లు చెప్పారు. అలాగైతే మీరు పని చేసుకోవచ్చు అన్నాడు. పదిహేను వందల ఏళ్లకు ముందే శవసంస్కారానికి వంతులు వేసుకున్న బృందాలున్నాయనడానికి ఈ చిన్న సంభాషణ సాక్ష్యం.

ఆ బృందానికే తర్వాతి కాలంలో హెవ్రా కదీషా అనే పేరు స్థిరపడింది. పవిత్ర సంఘం అని అర్థం. ప్రాగ్ నగరంలో 1564లో ఏర్పడిన సంఘం చాలా ప్రసిద్ధమైనది. రోగి మంచం దగ్గర మొదలై, శవాన్ని కడగడం, బట్టలు కుట్టడం, గొయ్యి తవ్వడం దాకా ఆ సంఘం చేసే పనులన్నిటినీ 18వ శతాబ్దంలో వరుస చిత్రాలుగా గీయించుకున్నారు. అవి ఇప్పటికీ అక్కడి యూదు మ్యూజియంలో ఉన్నాయి.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం దగ్గరగా చూడాలి. ఫోన్ వస్తుంది. నలుగురైదుగురు వస్తారు, ఆడవాళ్ల శవానికి ఆడవాళ్లు, మగవాళ్ల శవానికి మగవాళ్లు. వాళ్లలో ఒకరు పళ్ల డాక్టర్ కావచ్చు, ఇంకొకరు స్కూల్ టీచర్ కావచ్చు. గదిలో కబుర్లుండవు. చనిపోయిన మనిషిని హీబ్రూ పేరుతో, ఫలానావారి కూతురు ఫలానా అని పిలుస్తారు. శరీరం మీద దుప్పటి ఎప్పుడూ ఉంటుంది, కడుగుతున్న భాగం వరకే తొలగించి మళ్లీ కప్పేస్తారు. సబ్బో, తువ్వాలో అందుకోవాలంటే శవం మీదుగా చెయ్యి చాచకూడదు, చుట్టూ తిరిగి వెళ్లాలి. బోర్లా పడుకోబెట్టకూడదు. గోళ్లలో మట్టి కూడా పుల్లతో తీస్తారు. కడగడం అయ్యాక అసలు తహారా, అంటే శుద్ధి. తొమ్మిది కవ్‌ల నీళ్లు, మన లెక్కలో సుమారు 23 లీటర్లు, ధార తెగకుండా పోయాలి. ఒక బకెట్ అయిపోతుండగానే రెండో బకెట్ ధార మొదలవ్వాలి, దాని వెనక మూడోది. పోస్తూ 'శుద్ధురాలు, శుద్ధురాలు' అంటారు. పరమగీతంలోంచి శిరస్సు మేలిమి బంగారమని మొదలయ్యే వాక్యాలు చదువుతారు. ప్రేయసి తన ప్రియుణ్ని తల నుంచి కాళ్ల దాకా వర్ణించే ఆ వాక్యాలు ముసలితనంతో, జబ్బుతో వడిలిపోయిన శరీరం ముందు చదవడం మొదటిసారి విన్నవాళ్లకు వింతగా ఉంటుంది.

తర్వాత తెల్లటి నార బట్టలు తొడుగుతారు. వాటికి జేబులుండవు. ఏమీ తీసుకుపోడు కాబట్టి జేబుతో పని లేదు. ముడులు వేయరు, లాగితే ఊడిపోయే ఉచ్చులు మాత్రమే. కోటీశ్వరుడికైనా, సంఘం ఖర్చుతో పూడ్చే అనాథకైనా అవే బట్టలు, అదే కొయ్య పెట్టె. చివర్లో బృందమంతా శవం ముందు నిలబడి, మేము నీ పట్ల ఏమైనా తప్పుగా నడుచుకుని ఉంటే మన్నించు అని అడుగుతుంది. బయటికి వచ్చి చేతులు కడుక్కుంటారు. కొన్నిచోట్ల ఆ చేతులు తుడుచుకోకుండా వదిలేస్తారు.

ఎవరెవరు ఆ గదిలో ఉన్నారో చనిపోయినవారి ఇంట్లో వాళ్లకు చాలాచోట్ల చెప్పరు. దీన్ని హెసెద్ షెల్ ఎమెత్ అంటారు, నిజమైన దయ అని. మిగతా ఏ సాయమైనా ఎప్పుడో ఒకప్పుడు తిరిగి వస్తుందన్న ఆశ ఏ మూలో ఉంటుంది. శవం బదులు తీర్చలేదు. సంఘం సభ్యులు ఏడాదికోసారి, మోషే మరణించిన తిథిగా చెప్పుకునే అదార్ నెల ఏడో రోజున, పగలు ఉపవాసం ఉండి, చేసిన పొరపాట్లకు క్షమాపణలు చెప్పుకుని, రాత్రి అందరూ కలిసి విందు చేసుకుంటారు. మిగతా రోజుల్లో ఎవరూ మెచ్చుకోని పనికి సంవత్సరంలో ఆ ఒక్క పూట పండగ.

ఇదంతా చదివి హెవ్రా కదీషాలన్నీ దేవతల సంఘాలనుకోకూడదు. తూర్పు ఐరోపాలో వీటికి విపరీతమైన పలుకుబడి ఉండేది. శ్మశానం వాళ్ల చేతిలో ఉంటుంది కాబట్టి బతికున్నప్పుడు పైసా రాల్చని ధనవంతుడు పోతే, వారసుల దగ్గర గట్టిగా వసూలు చేసేదాకా గొయ్యి తవ్వేవాళ్లు కాదు. సభ్యత్వం కూడా అందరికీ దొరికేది కాదు. నేటి ఇజ్రాయెల్‌లో ఈ సంఘాలు ప్రభుత్వ అనుమతితో, జీతాల మీద నడిచే సంస్థలైపోయాయి. పేరు పవిత్ర సంఘమే కానీ పని ఆఫీసు పనే. అమెరికాలో దీనికి తలకిందులుగా జరిగింది. 20వ శతాబ్దంలో శవాల పని మొత్తం ఫ్యునరల్ హోమ్ వ్యాపారులకు వదిలేశారు, ఖరీదైన పెట్టెలూ పువ్వులూ వచ్చేశాయి, గమలీయేలు నార బట్టలు మరుగున పడ్డాయి. 1970ల్లో మినియాపొలిస్‌లోని అదాత్ జెషురూన్ మందిరం ఇది తప్పని, మామూలు చెక్క పెట్టెతో తన సభ్యులే స్వయంగా అంత్యక్రియలు చేసే సంఘాన్ని పెట్టుకుంది. తర్వాత చాలా మందిరాలు ఆ దారి పట్టాయి. వ్యాపారం అయిపోయిన పనిని మళ్లీ ఇరుగుపొరుగు చేతికి తెచ్చుకోవడం అంత తేలిక కాదు. వీళ్లకు అది సాధ్యమైంది ఎందుకంటే ఎలా చేయాలో రాసి ఉన్న పుస్తకం చేతిలో ఉంది.

రోగుల్ని చూసే బృందం పేరు బిక్కూర్ హోలీమ్. దీనికీ నియమాలున్నాయి, అవి పుణ్యం గురించి కాక మనుషుల స్వభావం గురించి ఉండడం విశేషం. పొద్దున మొదటి మూడు గంటల్లో వెళ్లొద్దు, ఆ వేళ రోగి తేరుకున్నట్టు కనిపిస్తాడు, చూసినవాడు ఫరవాలేదనుకుని ప్రార్థించడం మానేస్తాడు. సాయంత్రం చివరి మూడు గంటల్లో వద్దు, అప్పుడు నీరసంగా కనిపిస్తాడు, చూసినవాడు ఆశ వదులుకుంటాడు. కడుపు జబ్బుతో ఉన్నవాడి గదిలోకి వెళ్లి అతన్ని సిగ్గుపడేలా చేయొద్దు, బయటి గదిలో కూర్చుని ఏం కావాలో ఇంట్లోవాళ్లను అడగాలి. చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ బాధలో అరవయ్యో వంతు తీసుకెళ్తాడని తల్మూద్‌లో ఒక మాట ఉంది. మరైతే అరవై మందిని పిలిస్తే సరిపోతుంది కదా అని అక్కడే ఒకరు కొంటెగా అడుగుతారు. అలా కాదు, ఒక్కొక్కరు తీసుకెళ్లేది మిగిలిన దాంట్లో అరవయ్యో వంతు అని జవాబు. లెక్క కట్టి చూస్తే అరవై మంది వచ్చి వెళ్లాక కూడా మూడో వంతుకు పైనే బాధ మిగులుతుంది. ఎంతమంది వచ్చినా బాధ పూర్తిగా పోదు. ఇప్పటి మందిరాల్లో ఈ పని ఎక్కువగా వంట డబ్బాల రూపంలో జరుగుతుంది. బాలింత ఇంటికీ, ఆపరేషన్ అయినవాళ్లింటికీ ఆన్‌లైన్ పట్టికలో పేర్లు రాసుకుని వంతులవారీగా భోజనం పంపుతారు. మొదటి వారంలో ఫ్రిజ్ పట్టనంత వస్తుంది, మూడో వారంలో ఎవరూ గుర్తుపెట్టుకోరు. అందుకే తెలివైన నిర్వాహకులు పట్టికను రెండో వారం నుంచి మొదలుపెడతారు.

ఇక డబ్బు సంగతి. త్సెదకా అనే మాటను దానం అని అనువదిస్తారు కానీ దాని మూలం న్యాయం అనే అర్థమున్న మాట. తెలుగువాళ్లకు ఇది వివరించడం సులువు. 'ధర్మం చేయండి బాబూ' అనే పిలుపులో ఆ రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. పాతకాలపు యూదు ఊళ్లో రెండు ఏర్పాట్లుండేవి. తమ్హూయ్ అంటే రోజువారీ తిండి సేకరణ. కుప్పా అంటే వారానికోసారి పంచే డబ్బు నిధి. మన కుప్పకూ దానికీ చుట్టరికం ఏమీ లేదు, అసలు అర్థం బుట్ట. కుప్పా లేని యూదు ఊరిని చూడలేదు, వినలేదు అని 12వ శతాబ్దంలో మైమోనిడెస్ అనే ధర్మశాస్త్ర పండితుడు రాశాడు. ఊరికి కొత్తగా వచ్చినవాడు ముప్పై రోజులుంటే తిండి సేకరణకు, మూడు నెలలుంటే కుప్పాకు, ఆరు నెలలుంటే బట్టల నిధికి, తొమ్మిది నెలలకు శవసంస్కార నిధికి, ఏడాదికి ఊరి గోడ ఖర్చుకు తన వాటా ఇవ్వాలి. పౌరసత్వానికి ఇంతకన్నా మంచి నిర్వచనం దొరకడం కష్టం. ముందు తిండి, ఆఖరున గోడ.

ఆ డబ్బు ఒక్కడే వసూలు చేయకూడదు, ఇద్దరుండాలి. పంచేటప్పుడు ముగ్గురుండాలి, ఎందుకంటే ఎవరికెంత అన్నది తీర్పు చెప్పడం లాంటిది. వసూలుకు బయలుదేరిన ఇద్దరూ విడిపోకూడదు. దారిలో ఒకరికి నాణెం దొరికిందనుకోండి, సొంత జేబులో వేసుకోకూడదు, ధర్మపు సంచిలోనే వేయాలి, ఇంటికి వెళ్లాక తీసుకోవాలి. చూసేవాళ్లు ధర్మం డబ్బు జేబులో వేసుకుంటున్నాడని అనుకునే అవకాశం కూడా ఇవ్వకూడదు. మన దగ్గర ఉత్సవ కమిటీల చందాల గొడవలు గుర్తున్నవాళ్లకు ఈ నియమం విలువ ప్రత్యేకించి చెప్పనక్కర్లేదు. ఇచ్చేవాడెవరో పుచ్చుకునేవాడికి, పుచ్చుకునేదెవరో ఇచ్చేవాడికి తెలియని గుప్తదానం చాలా గొప్పదే. కానీ మైమోనిడెస్ చెప్పిన ఎనిమిది మెట్లలో అది రెండోది. పై మెట్టు అప్పివ్వడం, వ్యాపారంలో భాగం ఇవ్వడం, పని ఇప్పించడం, అంటే మళ్లీ చెయ్యి చాచే అవసరం లేకుండా చేయడం.

ఆ పై మెట్టు మీద నిలబడ్డదే గెమాఖ్, వడ్డీ లేని చేబదులు ఇచ్చే సంఘం. సాటివాడి దగ్గర వడ్డీ తీసుకోవద్దని నిర్గమకాండంలోనే ఉంది. న్యూయార్క్‌లో తూర్పు ఐరోపా నుంచి వచ్చి పడ్డ వలసదారుల కోసం 1892లో మొదలైన హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ తొలి మూలధనం 95 డాలర్లు. కుట్టుమిషనుకో, తోపుడు బండికో అప్పిచ్చేవారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఈమధ్య గెమాఖ్ అనే మాట డబ్బుకే కాదు, అరువిచ్చే దేనికైనా పాకింది. పెళ్లి గౌన్లు, మడత కుర్చీలు, ఉయ్యాలలు, రాత్రిపూట పిల్లల పాలపీకలు కూడా. 1976లో జెరూసలేంలో ఊరీ లుపొలియాన్‌స్కీ అనే టీచరు, పిల్లల జలుబుకు ఆవిరి పట్టే యంత్రం ఇరుగుపొరుగుకు అరువివ్వడంతో మొదలైన యాద్ సారా, వీల్ చైర్లు, ఆక్సిజన్ పరికరాలు అరువిచ్చే దేశవ్యాప్త సంస్థ అయింది. ఆయన తర్వాత ఆ నగరానికి మేయర్ అయ్యాడు. అరువు తీసుకోవడంలో సిగ్గు లేదు, లైబ్రరీ పుస్తకం తెచ్చుకున్నట్టే.

అన్నిచోట్లా ఈ సున్నితం నిలబడలేదు. లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో బ్రూన్ వీధిలోని ఒక భవనం ముందు గోడ మీద 'యూదు పేదల గంజి కేంద్రం' అన్న అర్థంలో పెద్ద అక్షరాలు చెక్కి ఉన్నాయి, 1902 అనే సంవత్సరంతో సహా. లోపలికి, బయటికి అని తలుపుల మీద విడివిడిగా రాశారు. ఆ తలుపులోంచి గిన్నె పట్టుకుని వెళ్లేవాడు ఎవరో వీధంతా చదువుకోవచ్చు. పుల్లల బుట్టల నియమం పెట్టిన పెద్దలు ఆ గోడ చూస్తే ఏమనేవారో ఊహించుకోవచ్చు. ఇప్పుడు అందులో ఖరీదైన ఫ్లాట్లున్నాయి.

అమెరికన్ సమాజమందిరంలో అన్నిటికన్నా పెద్ద బృందం ఆడవాళ్లది. దాన్ని సిస్టర్‌హుడ్ అంటారు. దీనికి ముందు కథ ఫిలడెల్ఫియాలో ఉంది. రెబెక్కా గ్రాట్జ్, మరికొందరు స్త్రీలు 1819లో పేద యూదు స్త్రీలకు సాయం చేసే సంఘం పెట్టారు, 1838లో ఆమె పిల్లలకు ఆదివారం బడి తెరిచింది. 1887లో న్యూయార్క్ టెంపుల్ ఎమానుయేల్ స్త్రీలు వలసదారుల ఇరుకు ఇళ్లకు స్వయంగా వెళ్లి సాయం చేసే సిస్టర్‌హుడ్‌ను ఏర్పరిచారు. 1913లో సంస్కరణవాద శాఖ అయిన రిఫార్మ్ మందిరాల సంఘాలన్నీ కలిసి సిన్సినాటిలో జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి, క్యారీ సైమన్ తొలి అధ్యక్షురాలు. 1918లో మథిల్డా షెక్టర్ కన్సర్వేటివ్ శాఖలో విమెన్స్ లీగ్ పెట్టింది.

వీళ్లు చేసిందేమిటి? రబ్బీలు కాబోయే కుర్రాళ్లకు హాస్టల్ కట్టించారు. 1931లో చూపు లేనివారి కోసం యూదు బ్రెయిల్ సంస్థ ఏర్పడడానికి తోడ్పడ్డారు. మందిరంలో వంటగది నడిపారు, పిల్లల బడికి టీచర్లను తెచ్చారు, పాత బట్టల అమ్మకాలు పెట్టారు, వంటల పుస్తకాలు అచ్చేసి అమ్మారు, దీపస్తంభాలూ ప్రార్థన శాలువాలూ అమ్మే చిన్న కొట్టు మందిరంలోనే పెట్టారు. ఇవన్నీ ఎందుకంటే, శబ్బాతు రోజున, అంటే శనివారపు విశ్రాంతి దినాన, డబ్బు ముట్టుకోకూడదు కాబట్టి సమాజమందిరంలో చందా పళ్లెం తిప్పడం ఉండదు. ఖర్చంతా ఏడాది సభ్యత్వ రుసుము మీద, విరాళాల మీద, ఇలాంటి అమ్మకాల మీద గడవాలి. కప్పు కారితే బాగు చేయించింది చాలాసార్లు కేకులు అమ్మిన డబ్బే. అయినా ఆ కప్పు కింద వేదిక ఎక్కి తోరా, అంటే ధర్మశాస్త్ర గ్రంథం, చదివే హక్కు, పాలకవర్గంలో ఓటు వాళ్లకు దశాబ్దాల పాటు లేవు. అమెరికాలో తొలి మహిళా రబ్బీ శాలీ ప్రీసాండ్ 1972లో గానీ రాలేదు. సిస్టర్‌హుడ్‌లో పద్దులు రాయడం, సభలు నడపడం, ఉపన్యాసం ఇవ్వడం నేర్చుకున్న స్త్రీలే తర్వాత ఆ తలుపు తట్టారు. వంటగది వాళ్లకు శిక్షణాలయం అయింది. అది వాళ్లను అక్కడే ఆపే మార్గం కూడా అయింది. రెండూ నిజమే.

1970ల నుంచి ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లడంతో పగటిపూట భోజన సమావేశాలకు వచ్చేవాళ్లు తగ్గారు. పాలకవర్గంలోనే చోటు దొరికాక విడిగా ఆడవాళ్ల సంఘం దేనికన్న ప్రశ్న వచ్చింది. జాతీయ సమాఖ్య 1993లో పేరు మార్చుకుంది. కొన్నిచోట్ల సిస్టర్‌హుడ్ ఇప్పుడు పుస్తకాల చర్చకూ, పస్కా పండగకు ఆడవాళ్లు చేసుకునే సెడర్ అనే విందుకూ పరిమితమైంది. వాళ్లు చేసే చాకిరీ విలువ ఎంతో వాళ్లు మానేశాకే లెక్క తేలింది. ఆ పనికి మందిరాలు క్యాటరర్‌కూ, ఆఫీసు మేనేజర్‌కూ డబ్బు కట్టాల్సి వచ్చింది.

మగవాళ్ల సంఘాల గురించి చెప్పడానికి అంత లేదు. 1923లో, 1929లో వాటికీ సమాఖ్యలు వచ్చాయి. ఆదివారం అల్పాహారం, నాజీలు చేసిన యూదుల నరమేధ స్మృతిదినాన ఇంటింటికీ పంపే పసుపు కొవ్వొత్తి, పర్ణశాలల పండగకు గుడారం కట్టడం వంటివి వాళ్ల పనులు. అధికారికం కాని మగవాళ్ల సంఘం ఇంకోటి ఉంది, కిద్దూష్ క్లబ్. శనివారం ప్రార్థన మధ్యలో ప్రవక్తల పాఠం చదువుతుండగా మెల్లగా జారుకుని పక్క గదిలో విస్కీ పుచ్చుకునేవాళ్ల గుంపు అది. ఆర్థడాక్స్ మందిరాల సమాఖ్య అయిన ఆర్థడాక్స్ యూనియన్ 2005లో దీన్ని ఆపమని మందిరాలను కోరాల్సి వచ్చింది. అయితే అసలు కిద్దూష్, అంటే ప్రార్థన అయ్యాక అందరూ నిలబడి తినే చేపముక్క, కూగెల్ అనే బంగాళదుంప వంటకం, రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన చోలెంట్ అనే వేడి కూర, అదే సమాజమందిరానికి ప్రాణం. ఎవరింట్లో ఉద్యోగం పోయింది, ఎవరికి అద్దె ఇల్లు కావాలి, ఎవరి అమ్మాయికి సంబంధం చూస్తున్నారు అన్నవి అక్కడే తెలుస్తాయి. కష్టంలో ఉన్న సభ్యులకు సాయం చూసే కేరింగ్ కమిటీ పట్టికలోకి ఎక్కే పేర్లు ముందు ఆ కాగితం పళ్లేల మధ్యే వినబడతాయి.

పెద్ద మందిరాలకు వేరే సమస్య వచ్చింది. వందల కుటుంబాలున్న సబర్బన్ సమాజమందిరంలో పక్క వరుసలోవాళ్ల పేరు కూడా తెలియదు. కాలిఫోర్నియా ఎన్సీనోలోని వాలీ బేత్ షాలోమ్‌కు 1970లో వచ్చిన రబ్బీ హెరాల్డ్ షుల్వైస్ సభ్యుల్ని పదేసి కుటుంబాల చిన్న గుంపులుగా, హవురాలుగా విడగొట్టాడు. నెలకోసారి ఎవరో ఒకరింట్లో చేరడం, కలిసి చదవడం, కలిసి తినడం, ఎవరింట్లో కష్టమొచ్చినా ఆ పది ఇళ్లు ముందు కదలడం. రబ్బీ చేయాల్సిన పని కొంత మామూలు సభ్యులకే శిక్షణ ఇచ్చి అప్పగించాడు. లెక్క మళ్లీ పది దగ్గరికే వచ్చింది.

ఈమధ్య ఒక కొత్త వంతు చేరింది, గుమ్మం దగ్గర నిలబడే వంతు. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లోని ట్రీ ఆఫ్ లైఫ్ భవనంలో శబ్బాతు ప్రార్థనకు వచ్చినవారిలో 11 మందిని ఒక దుండగుడు కాల్చి చంపాడు. అంతకు ముందు గుమ్మం దగ్గర నిలబడే స్వచ్ఛంద సేవకుడి పని 'శబ్బాత్ షాలోమ్' అని పలకరించి ప్రార్థన పుస్తకం అందించడం. ఇప్పుడు అతను రేడియో కూడా పట్టుకుంటున్నాడు. బ్రిటన్‌లో ఈ కాపలాకు శిక్షణ ఇచ్చే సంస్థ 1994 నుంచే ఉంది. ఇతరుల పండగ రోజున వాళ్ల వంతు తాము చేయడం మాత్రం ఆగలేదు. డిసెంబర్ 25న అమెరికాలో చాలా మందిరాల సభ్యులు ఆసుపత్రుల్లో, అన్నదాన కేంద్రాల్లో క్రైస్తవ సిబ్బందికి బదులుగా నిలబడతారు.

తెలుగు నేల మీదా ఒక సమాజమందిరం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము సంతతి అని చెప్పుకునే బెనె ఎఫ్రాయీము కుటుంబాలు దాన్ని నడుపుతున్నాయి. మాదిగ కుటుంబాలు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. శబ్బాతు దీపం, హీబ్రూ, తెలుగు కలిసిన ప్రార్థన వాళ్ల పద్ధతి. ఇక్కడ సేవా బృందం అనే మాటకే అర్థం మారిపోతుంది. కూలికి వెళ్తేనే పూట గడిచే ఇంట్లో శనివారం పని మానడం అంటే ఒక రోజు కూలి వదులుకోవడం. మిన్యాన్‌కు పదిమందిని పోగేయడం ఇక్కడ నిద్ర మానుకోవడంతో తీరే పని కాదు.

కొచ్చిలో ఇబ్బంది ఇంకో రకం. మట్టంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్ అందంగా ఉంది, నేల మీద నీలి పలకలు, పైన గాజు దీపాలు. యూదులే దాదాపు లేరు. 1950ల నుంచి కుటుంబాలు ఇజ్రాయెల్‌కు తరలిపోయాయి. ప్రార్థనకు పదిమంది కావాలంటే పర్యాటకుల్లో యూదులెవరైనా ఉన్నారేమో చూడాల్సిన రోజులు వచ్చాయి. ఆ వీధిలో కుట్టుపని కొట్టు నడిపిన సారా కోహెన్ 2019లో 96 ఏళ్ల వయసులో కన్నుమూసింది. రొట్టె మీద కప్పే గుడ్డలు, ప్రార్థన టోపీలు ఆమె స్వయంగా కుట్టేది. భర్త పోయాక, పిల్లలు లేని ఆమెకు మందులిచ్చింది, తోడున్నది, కొట్టు చూసుకున్నది ఆ వీధిలోని ఒక ముస్లిం కుటుంబం. ఆమె పోయాక కూడా ఆ కొట్టు తలుపులు వాళ్లే తెరిచారు.